గోనెసంచుల గదిలో మేస్త్రి

మేస్త్రి పోయిన రోజు పొద్దున నాకు మొదటి ఫోన్ చేసింది ఆయన ఇంటివాళ్లు కాదు, ఫ్లెక్సీ షాపాయన. మిర్యాలగూడలో మనిషి పోయిన సంగతి చుట్టాల కన్నా ముందు ఫ్లెక్సీ షాపుకు తెలుస్తుంది. "అన్నా, ఫోటో వచ్చింది. పూలదండ ఏసిన. పేరు కింద ఒక లైను ఖాళీగున్నది. ఏం కొట్టాలె?" అని అడిగాడు.

నేను సూర్యాపేటలో ఫంక్షన్లకు యాంకరింగ్ చేస్తాను. పేర్లకు ముందూ వెనకా తోకలు తగిలించడమే నా బతుకు. పిల్లికి బిచ్చం పెట్టనివాణ్ణి దానకర్ణుడని, పదో తరగతి రెండుసార్లు తప్పిన పెళ్లికొడుకును విద్యావంతుడని మైకులో చెప్పి చప్పట్లు కొట్టించిన చరిత్ర నాది. అలాంటివాడికి ఆ ఒక్క లైను తట్టలేదు. రైస్ మిల్లు ఫిట్టర్ అనొచ్చు. నిజమే గానీ సగమే. సంగీత విద్వాంసుడు అంటే ఆయనే లేచొచ్చి ఫ్లెక్సీ పీకేస్తాడు. స్వరకర్త అంటే ఏ సినిమాకు అని అడుగుతారు. చివరికి ఖాళీగా వదిలెయ్యమన్నాను. "ఖాళీగ ఉంటె మంచిగుండదన్నా, పువ్వు పెడత" అన్నాడు. రెండు పెట్టాడు.

ఇక్కడ కూడా నేను ఆయన పేరు రాయడం లేదు. మిగతా ఫిట్టర్లు తమ పానాల మీద పేర్లు చెక్కించుకునేవాళ్లు. ఈయన పెట్టెలో ఒక్కదాని మీదా అక్షరం ఉండేది కాదు. ఎందుకని అడిగితే, పేరున్న పానానే ముందు పోతుందని చెప్పేవాడు. ఆయన్ని అందరూ మేస్త్రి అనేవాళ్లు. నేనూ అంతే.

ఆయన దగ్గరికి నన్ను తీసుకెళ్లింది సూర్యాపేట డోలాయన. పెళ్లిళ్లలో మా ఇద్దరిదీ పాత శత్రుత్వం. నేను మైకులో నాలుగు మంచి ముక్కలు అందుకోగానే ఆయన డోలు అందుకుంటాడు. ఆయన డోలు మంచి పట్టులో ఉండగా నేను భోజనాలు మొదలయ్యాయని ప్రకటిస్తాను. ఒకరోజు ఇద్దరం ఒకే బంతిలో పక్కపక్కన పడ్డాం. మిర్యాలగూడలో ఒకాయన నెలకోసారి నలుగుర్ని కూర్చోబెట్టి కొత్త కొత్త సంగీతాలు కట్టిస్తున్నాడని, అక్కడ మైకు ఉండదని, తానూ వెళ్తున్నానని పప్పు కలుపుకుంటూ చెప్పాడు. మైకు చెడిపోయిందా అని అడిగాను. కాదు, కావాలనే పెట్టరన్నాడు. ఇలాంటి వింత చూడకుండా ఎలా ఉంటాం. తర్వాతి ఆదివారం స్కూటీ తీశాను.

అక్కడికి చేరి బండి ఆపబోతుంటే ఒక ఎండిన మనిషి ఎదురొచ్చి, ఆపొద్దని చెయ్యెత్తాడు. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు. నా మొహం చూడలేదు, పేరు అడగలేదు. కింద కూర్చుని, జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకున్నాడు. నా స్కూటీకి అంతటి మర్యాద అంతకుముందు ఎన్నడూ జరగలేదు. "బేరింగు సణుగుతున్నది. ఇంకో నెల నడుస్తది" అని లేచి, అప్పుడు నన్ను చూశాడు. "నువ్వేనా మైకు పిల్లగానివి?"

బేరింగు ఇరవై ఆరో రోజున చిలుకూరు దగ్గర పోయింది. మీ లెక్క నాలుగు రోజులు తప్పిందని దెప్పితే, బండి సంగతి విన్నాను గానీ తోలేవాడి సంగతి వినలేదు కదా అన్నాడు.

ఆయన గది ఒక మూతపడ్డ మిల్లులో ఉండేది. యజమాని కొడుకులు ఊరవతల పెద్ద మిల్లు కట్టుకుని పాతదాన్ని ఖాళీ సంచులకు వదిలేశారు. నలభై ఏళ్లు దాన్ని నడిపిన మేస్త్రికి తాళంచెవి ఇచ్చారు. మూడు గోడల పొడవునా నేల నుంచి పైకప్పు దాకా గోనెసంచుల దొంతర్లు, నడుమ ఇరవైమంది పట్టే చోటు, ఒక పాత చెక్క తలుపు. ఆ గదిలో ఒక మాట అంటే అది సంచుల్లోకి దూరిపోయి మళ్లీ రాదు. నేను అలవాటు కొద్దీ "హలో, హలో" అన్నాను. రెండు హలోలూ నా మూతి దగ్గరే రాలిపోయాయి. మైకు పట్టి బతికేవాడికి అంతకంటే అవమానకరమైన గది ఇంకొకటి ఉండదు. మేస్త్రి మాత్రం ఆ గోడల్ని చూసి మురిసిపోయేవాడు. "గీ రూముకు సొంత గొంతు లేదు. అందుకే ఎవ్వల గొంతు వాళ్లదే ఇనొస్తది" అన్నాడు.

ఆ గదిలో సంగీతం కట్టేవాళ్లు నలుగురు. మేస్త్రిది హార్మోనియం. ఎవరో పారేసిన పెట్టెను బాగుచేసుకుని తనకు తానే నేర్చుకున్నాడు. డోలాయన సంగతి చెప్పాను. మూడో మనిషి కోదాడ టీచరమ్మ. బడిలో లెక్కలు చెబుతుంది, చర్చిలో వయొలిన్ వాయిస్తుంది. నాలుగో ఆయన ఆర్టీసీ కండక్టరు. మాడుగులపల్లి దగ్గర ఒక తండాలో ఇల్లు, ఇంట్లో లంబాడీ మాట, చేతిలో పిల్లనగ్రోవి. ఒక పెళ్లి, ఒక చర్చి, ఒక బస్సు, ఒక మిల్లు. ఈ నలుగుర్నీ ఒక గదిలో పెడితే గొడవ తప్ప ఇంకేం పుడుతుందని మొదటిరోజు అనుకున్నాను. గొడవ పుట్టింది. కాకపోతే వినబుద్ధయ్యే గొడవ.

రాసుకునే తీరులో ఒకరికొకరికి పొత్తు లేదు. టీచరమ్మ గ్రాఫ్ కాగితం మీద రాసేది. మూడు వాయిద్యాలూ చివరి దాకా ఒక్కసారి కూడా కలవని ముక్క ఒకటి కట్టింది. మూడు సమాంతర రేఖలు చివర్లో కలుస్తాయన్నమాట. బళ్లో ఇలా చెబితే ఉద్యోగం పోతుందని నేను గుర్తుచేశాను. కండక్టరు టికెట్ మిషన్ కాగితపు చుట్టల మీద రాసేవాడు. కోదాడ నుంచి మిర్యాలగూడకు బస్సు ఎన్నిచోట్ల ఆగుతుందో అన్నిచోట్ల ఆగే పాట. ఒక్కో స్టేజీ దగ్గర వాళ్ల నాయనమ్మ పాడే తండా పాటలోని ఒక్కో ముక్క ఎక్కుతుంది, దిగుతుంది. ఆ చుట్ట విప్పి పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. డోలాయన అసలు రాయడు, నోటితో చెబుతాడు. పుల్ల ముట్టకుండా వేళ్లతోనే వాయించే ముక్క కట్టాడు. "పెండ్లిల్ల కొట్టీ కొట్టీ నా డోలు మెల్లగ మాట్లాడుడే మరిచింది. జర యాది చేస్తున్న" అన్నాడు. ఊళ్లు దద్దరిల్లేలా వాయించే మనిషి, మిగతావాళ్లకు నేర్పుతూ చీమల మీద అడుగు పడకుండా నడిచినట్టు వేళ్లాడించడం నేను అక్కడే చూశాను.

ఇలాంటిదాన్ని ఇంగ్లీషులో ఛాంబర్ మ్యూజిక్ అంటారండి అని టీచరమ్మ చెప్పింది. ఎమ్మార్వో ఛాంబరా అని కండక్టరు అడిగాడు. మేస్త్రి మాత్రం మొదటి నుంచీ "రూముల పట్టేది" అనే అనేవాడు. మైకు ఎందుకు వద్దని నేను కనీసం పదిసార్లు అడిగి ఉంటాను. ఒకేఒక్కసారి జవాబు చెప్పాడు. "మైకు పెడితె పాట పెద్దగైతది. ఇనేటోడు ఎనకకు పోతడు. నాకు ఇనేటోడు దగ్గరికి రావాలె."

అక్కడ ఒక నియమం ఉండేది. ఎవరు కట్టిన ముక్కను వాళ్లు వాయించకూడదు. మిగతా ముగ్గురికి నేర్పాలి, తర్వాత వచ్చినవాళ్ల మధ్య నేల మీద కూర్చుని నోరు మూసుకుని వినాలి. కాకిపిల్ల కాకికి ముద్దు, అందుకే కాకి ఇంకో చెట్టు మీద కూర్చుని వినాలన్నది ఆయన వాదన. తన ముక్కను పక్కవాళ్లు వాయిస్తుంటే మనిషి పడే అవస్థ చూడాల్సిందే. డోలాయన చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. టీచరమ్మ పైకప్పు వైపు చూసేది. కండక్టరు మెడలో లేని విజిల్ కోసం వెతుక్కునేవాడు.

మేస్త్రి ఎవరినీ బాగుందని మెచ్చుకున్నది నేను వినలేదు. నచ్చితే మోటారు మళ్లీ వెయ్యమన్నట్టు చూపుడువేలు గాల్లో తిప్పి, "తిప్పు" అనేవాడు. నచ్చకపోతే, "నట్టు వదులైంది, ఏడనో సూడు." అది ఎక్కడో ఆయనకు తెలుసు. చెప్పడు. వాళ్లు వెతుక్కోవాలి. ఒక్కోసారి నెల పట్టేది.

నాకు అక్కడ ఏం పని అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. మొదటిరోజు ముందుకొచ్చి, చిరునవ్వు పెట్టి, "నమస్కారం, ఈ శుభ సాయంత్రం" అని మొదలుపెట్టబోతే మేస్త్రి అడ్డుపడ్డాడు. మధ్యాహ్నం మూడయింది, సాయంత్రం కాలేదన్నాడు. అది మాటవరసకు అన్నాను. "మాట వరుసకే వద్దు" అని, తలుపు మూసే పని ఇచ్చాడు. రెండేళ్లు ఆ పనే చేశాను. పెళ్లికి రెండుగంటలు ఆగకుండా మాట్లాడేవాడు తలుపు మూసే ఉద్యోగానికి ఇరవై ఐదు మైళ్లు పోయి వస్తున్నాడని మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తాను కట్టిన ముక్కను మేస్త్రి చాలాకాలం బయటపెట్టలేదు. ఒక మధ్యాహ్నం వాన పడుతుంటే, ఎవరూ రాకముందు, తనంతట తానే ఆ సంగతి ఎత్తాడు. మిల్లులో చేరిన ఎనిమిదో ఏడు. మోటారు బెల్టుల పట్టాలు, చక్రాలు, జల్లెడలు, అన్నీ కలిసి రోజంతా ఒకటే హోరు. ఆ రోజు కరెంటు పోయింది. మామూలుగా పోయిన వెంటనే వచ్చేది, అప్పుడు రాలేదు. పట్టా నెమ్మదించింది, చక్రం ఆగింది. పైన దూలాల మీద పిచుకలు ఉన్నాయని తెలిసింది. బియ్యం గొట్టంలోంచి ఆఖరు గింజలు ఒకటొకటే పడటం వినిపించింది. తర్వాత ఒక గొంతు. చెరిగే దగ్గర కూర్చునే ఆడమనిషి ఏదో కూనిరాగం తీస్తోంది. కరెంటు పోయిందని మొదలుపెట్టలేదు, తీస్తూనే ఉంది.

"ఎనిమిదేండ్లు నా పక్కకే పాడుతున్నది. నేను ఇన్నది గా పూటనే" అన్నాడు.

ఇలాంటి చోట ఊరుకోవడం నాకు చేతకాదు. తర్వాత ఆమెనే చేసుకున్నారా అని అడిగాను.

"కాదు. ఆమె పేరు గూడ నాకెరుక లేదు. జర సినిమాలు తక్కువ సూడు."

ఆ పూటనే ఆయన ముక్కగా కట్టాడు. ముందు మిల్లు నడుస్తుంది: డోలు పట్టా, పిల్లనగ్రోవి జల్లెడ, వయొలిన్ మోటారు హోరు. తర్వాత కరెంటు పోతుంది. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు నెమ్మదించి ఆగుతారు. అప్పుడు ముప్పై రెండు లెక్కల పాటు ఏమీ ఉండదు. ఆ తర్వాత వయొలిన్ ఒక్కటే ఆ కూనిరాగం తీస్తుంది. అంతే. మిగతాదంతా ఆ ముప్పై రెండు కోసమేనని ఆయన చెప్పాడు. ఏమీ లేనిదానికి ఇంత కట్టడం ఎందుకు మేస్త్రీ, ఇంట్లో కూర్చుంటే ఏమీ లేనిది ఊరికే దొరుకుతుంది కదా అన్నాను. ఆయన నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఎప్పుడూ ఉండేదే. నలభై ఏళ్ల ఊక, తవుడు దుమ్ము లోపల పేరుకుంది. హైదరాబాదు దవాఖానలో ఫోటో తీసి, ఊపిరితిత్తులు సగం కూడా పని చేయడం లేదని చెప్పారట. ఆయన ఆ ఫోటోను బల్బుకు పెట్టి చూపించి, ఇది విప్పి తుడిచే మిషన్ కాదని వివరించాడు.

"ఇంక శానా పొద్దు లేదు. గా ముప్పై రెండు ఒక్కసారి నిండుగ నడిస్తె సాలు" అన్నాడు. అదొక్కటే ఆయన అడిగింది. వినడానికి ఎంత చిన్న కోరికో జరపడానికి అంత కష్టమని అప్పటికి మాకు తెలియదు.

మొదట సూర్యాపేటలో పెట్టాం, డోలాయన తమ్ముడి టెంట్ హౌస్ మీది గదిలో. మిల్లు ఆగింది, ఆరో లెక్క దగ్గర జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. చప్పట్లు విని కిందనుంచి చాయ్ వచ్చింది. చాయ్ వచ్చాక సూర్యాపేటలో ఏదీ ముందుకు సాగదు.

రెండోసారి కోదాడలో, చర్చి పక్కన పిల్లలకు పాఠాలు చెప్పే హాల్లో. ఇప్పుడు టీచరమ్మ ముందే అందరికీ చెప్పింది: మధ్యలో కొంచెంసేపు నిశ్శబ్దం ఉంటుందండి, దయచేసి చప్పట్లు కొట్టకండి. కొట్టలేదు. పదో లెక్క దాకా బ్రహ్మాండంగా నడిచింది. ముందు వరసలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆ హాల్లో నిశ్శబ్దం అయ్యిందంటే అది తన కోసమేనని ఆయనకు ఏళ్ల తరబడి అలవాటు. లేచి నిలబడి, కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. వాయించేవాళ్ల కోసం, వాళ్ల పిల్లల కోసం, సాగర్ కాలువ నీళ్ల కోసం, పరీక్షలు రాసేవాళ్ల కోసం. అది మేస్త్రి ముక్క కన్నా పొడుగు. అందరితోపాటు మేస్త్రి కూడా ఆమెన్ అన్నాడు. టీచరమ్మ సిగ్గుతో చచ్చిపోతుంటే, "ఏం కాదమ్మా. నీళ్ల సంగతి మంచిగనే అడిగిండు" అని ఓదార్చాడు.

ఇక లాభం లేదని మూడోసారి గోనెసంచుల గదిలోనే పెట్టాం. వచ్చినవాళ్లంతా మావాళ్లే: నలుగురైదుగురు హమాలీలు, చాయ్ హోటలాయన, దవాఖానలో పనిచేసే ఒక సిస్టరమ్మ, ఇంకో పదిమంది. చప్పట్లు లేవు, చాయ్ తర్వాత, ప్రార్థన ముందే అయిపోయింది. ఫోన్లన్నీ నేనే దగ్గరుండి ఆపించాను. తలుపు మూసి నేలమీద కూర్చున్నాను. మేస్త్రి నా పక్కనే.

మిల్లు నడిచింది. నెమ్మదించింది. ఆగింది.

ఇప్పుడు చెప్పేది నా గురించి. నా వృత్తిలో నిశ్శబ్దం అంటే యాక్సిడెంటు. మూడు క్షణాలు ఖాళీ వస్తే పెళ్లిపెద్ద నా వైపు చూస్తాడు. ఆ గదిలో అయిదు, ఆరు, ఏడు. ఇరవైమంది మొహాలు. మేస్త్రి మోకాలి మీద బొటనవేలు మెల్లగా లేస్తోంది, వాలుతోంది. ఆయన మొహంలోకి చూశాను, చూడకుండా ఉండాల్సింది. ఒక మనిషి ఏదైనా అంతగా కోరుకోవడం అంత దగ్గరగా చూడలేం. పదకొండు. ముక్కులో గోనె దుమ్ము గిలిపెట్టింది. పన్నెండు. తుమ్మాను.

తర్వాత జరిగినదానికి డోలాయన తప్పేమీ లేదు. పెళ్లిలో తాళి కట్టే ఘడియకు ఎవరైనా తుమ్మితే ఆ అపశకునం చెవిన పడకుండా గట్టిమేళం అందుకోవాలి. ముప్పై ఏళ్లుగా ఆయన చేతులకు ఉన్న హుకుం అదొక్కటే. నా తుమ్ము ఇంకా సగంలో ఉండగానే ఆయన చెయ్యి పుల్ల అందుకుంది. ఆ సంచుల గది పుట్టి బుద్ధెరిగాక అలాంటి గట్టిమేళం విని ఉండదు. వెనకున్న హమాలీ ఒకాయన అక్షింతలు వెయ్యడానికి చెయ్యెత్తి, ఖాళీ చెయ్యి చూసుకుని దించేసుకున్నాడు. కండక్టరు నోరు తెరిచి చూస్తున్నాడు. టీచరమ్మ వయొలిన్ కమాను ఒళ్లో పెట్టుకుంది. డోలాయనకు తాను వాయిస్తున్నానన్న సంగతి చాలాసేపటికి తెలిసింది. ఆగి, పుల్లను ఎవరిదో అన్నట్టు చూశాడు.

"నేను కొట్టలే మేస్త్రీ. చేతులే లేసినై" అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

మేస్త్రి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. సిస్టరమ్మ వీపు నిమురుతూ కూర్చుంది. అందరూ నేను కావాలనే తుమ్మానన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. నా పేరు అలాంటిది. ఎవరి చావుబతుకుల కథలోనైనా నేను ఒక జోకు వేసి గాలి తీసేస్తానని మూడు ఊళ్లకూ తెలుసు.

సాయంత్రం స్కూటీ దాకా మేస్త్రి నాతో నడిచొచ్చాడు. వంగి బండి చక్రం తిప్పి చూశాడు. తర్వాత అడిగాడు.

"తుమ్ము వచ్చిందా, తెచ్చుకున్నవా?"

"వచ్చింది మేస్త్రీ. దుమ్ము కదా."

"సరే" అన్నాడు.

నమ్మలేదని నాకు తెలుసు, నాకు తెలిసిందని ఆయనకు తెలుసు. సూర్యాపేట దాకా ఆ సరే నా వెనక సీటు మీద కూర్చుని వచ్చింది. ముక్కు గిలిపెట్టిన మాట నిజం. ఆపుకోగలిగేవాణ్ణన్నదీ నిజం. ముక్కు నలుపుకుంటే పోయేది. నలుపుకోలేదు.

నెల తిరిగింది. ఆయన మనిషి ఇంకా తగ్గాడు. రాత్రిళ్లు పడుకోలేక కూర్చునే కునుకు తీస్తున్నాడని ఇంటివాళ్లు చెప్పారు. నేను ఒక్కణ్ణే ముందు వెళ్లాను. ఏం పలకరింపులు లేకుండా, తెచ్చుకున్నాను మేస్త్రీ అని చెప్పాను. ఆయన ఏ తుమ్ము అని కూడా అడగలేదు.

"ఎందుకు?"

"భయమైంది."

"దేనికి?"

ఆయన చొక్కా జేబులోంచి మిల్లు రిజిస్టరు కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. అందులో పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి, వరసకు ఎనిమిది, నాలుగు వరసలు. ఈసారి వయొలిన్ ఎప్పుడు అందుకోవాలో టీచరమ్మకు సైగ చెయ్యాల్సింది నేను. ఒక్కో సున్నా మీద వేలు జరుపుతూ లెక్కపెట్టాలి. ముప్పై రెండు కాగానే చెయ్యెత్తాలి. నాకు ఇవ్వకండి, కండక్టరుకు ఇవ్వండి, టికెట్ల లెక్క తప్పనివాడు అన్నాను.

"ఆయనకు భయం లేదు గద. భయమున్నోడే జాగ్రత్తగ పట్టుకుంటడు" అన్నాడు. అని, మోటారు మీద నూనెడబ్బా నాకు వదిలేసినంత మామూలుగా లేచి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం మళ్లీ అందరూ వచ్చారు. డోలాయన తన పుల్లను బయట నా స్కూటీ డిక్కీలో పెట్టి తాళం వేసి, తాళంచెవి సిస్టరమ్మకు ఇచ్చాడు. నేను తలుపు మూయబోతే మేస్త్రి లేచి, తాను బయటికి వెళ్లి, చెక్క స్టూలు ఒకటి గడప అవతల వేసుకున్నాడు. లోపలికి రమ్మన్నాను. నిండుగా వినాలని నెలల తరబడి పరితపించింది ఆయనే కదా.

"నా దగ్గు నా మాట ఇనదు. లోపలుంటె నేనే పాడు చేసినోణ్ణయిత. ఏయి తలుపు."

ఆ తలుపు మూసినంత బరువుగా నేను ఏ తలుపూ మూయలేదు. కింద జానెడు సందు ఉంది. అందులోంచి ఆయన పాదాలు రెండూ కనబడుతున్నాయి, చెప్పుల్లేకుండా.

మిల్లు నడిచింది. డోలు వేళ్ల కింద పట్టా తిరిగింది, పిల్లనగ్రోవి జల్లెడ పట్టింది. నెమ్మదించాయి. ఆగాయి. నేను మొదటి సున్నా మీద వేలు పెట్టాను.

నాలుగు దాకా నా గుండె తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత టీచరమ్మ చేతిగడియారం. రేకుల మీద పావురం గోళ్లు. సంచుల దొంతరలో ఏదో సర్దుకున్న చప్పుడు. ఎక్కడో వెనక్కి వస్తున్న ధాన్యం లారీ కూత, అది ఆగాక ఊరవతలి మిల్లుల హోరు, సన్నటి దారంలా. అది ఎప్పుడూ ఉంటుంది, ఆ ఊళ్లో దిగిన ప్రతిసారీ ఉండే ఉంటుంది. ఎవరో ఊపిరి తీసుకున్నారు, ఇంకెవరో వదిలారు. నా ముక్కులో దుమ్ము మామూలుగానే ఉంది. ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై రెండు.

టీచరమ్మ కమాను ఎత్తి నా వైపు చూస్తోంది. నా చెయ్యి లేవలేదు. భయపడి కాదు. ఇంకా ఏదో వినబడబోతోందనిపించింది. సున్నాలు అయిపోతే ఒట్టి కాగితం మీద వేలు జరుపుకుంటూ పోయాను. తలుపు సందులో ఆయన పాదాలు మునివేళ్ల మీద లేచి ఉన్నాయి. ఆయనకూ ఇదే నచ్చిందనుకున్నాను. యాభై దగ్గర చెయ్యెత్తాను.

వయొలిన్ ఆ కూనిరాగం తీసింది, చిన్నది, ఎవరి కోసమూ కానిది. అది మొదలైన మరుక్షణమే బయట దగ్గు బద్దలైంది. రాగం అయిపోయాక కూడా చాలాసేపు ఆగలేదు. సిస్టరమ్మ నీళ్లు పట్టుకుని పరిగెత్తింది.

లోపలికి వచ్చినప్పుడు ఆయన కళ్లు ఎర్రగా, మొహమంతా చెమట. నేను లేచి నిలబడ్డాను. ఆయన ఏదో పెద్దమాట అంటాడని గదంతా ఎదురుచూసింది. నేను కూడా, సిగ్గులేకుండా.

"ముప్పై రెండు అన్న గదరా. యాభై దాకా ఎందుకు పోయినవ్? ఊపిరి బిగవట్టుకొని ఆడనే పోతనేమో అనుకున్న."

గది మొత్తం నవ్వింది. ఆయన స్టూలు లోపలికి లాక్కుని కూర్చుని, అప్పుడు అసలు సంగతి అడిగాడు. దగ్గు పట్టుకునే పనిలో తనకు ఏదీ సరిగ్గా వినపడలేదట. లోపల ఏం వినపడిందో చెప్పమన్నాడు. తలా ఒకటి చెప్పాం. గడియారం, పావురం, లారీ, మిల్లుల దారం. ఆయన కళ్లు మూసుకుని ఒక్కోదానికి తలూపుతూ, ఏది ముందు, ఏది తర్వాత అని వరస అడిగి తెలుసుకున్నాడు. చివరికి కండక్టరు, డోలాయన కడుపు అరవడం కూడా వినపడిందన్నాడు.

డోలాయన తల దించుకున్నాడు. "పొద్దటిసంది ఏం తిన్లే. మల్ల చేతులు లేస్తయేమో అన్న పరేషాన్ల."

"ఎన్నో లెక్క మీద?" అన్నాడు మేస్త్రి.

ఆ చప్పుడప్పుడు నా వేలు ఏ సున్నా మీద ఉందో కాగితం చూసి చెప్పాను. ఇరవై ఒకటి.

ఆయన చెవి మీది పెన్సిలు తీసి, కాగితం తీసుకుని, ఇరవై ఒకటో సున్నాలో ఒక చుక్క పెట్టాడు. డోలాయన అది చూసి కంగారుపడ్డాడు.

"మల్ల వాయించేటప్పుడు గది యాడికెల్లి తేవాలె మేస్త్రీ?"

"ఉపాసముండు" అన్నాడు.

మొన్న ఆదివారం మేస్త్రి లేకుండా కూర్చున్నాం. ఆయన ముక్క మొదలుపెట్టే ముందు హోటలాయన చాయ్, ఇరానీ బిస్కెట్లు తిప్పాడు. డోలాయన పళ్లెం పక్కవాళ్లకు జరిపేశాడు. పొద్దటి నుంచీ పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదట.